ఊరు విడిచి కాదు, ఊళ్లోనే: ఆరోగ్యవరం చరిత్ర మన పిల్లల కోసం చెప్పే మాట



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఆరోగ్యవరం పేరు వినని పెద్దలు అరుదు. 1912లో డెన్మార్క్ దేశపు మిషనరీ వైద్యుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ నాయకత్వంలో, కొన్ని మిషన్లు కలిసి క్షయరోగుల కోసం ఆ శానిటోరియం పని మొదలుపెట్టాయి. అప్పటికి టీబీకి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే ముఖ్యమైన వైద్యం. రోగం బయటపడితే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని ఇంటివాళ్లు దాచేవారు. ఇరుగుపొరుగు దూరం పెట్టేవారు. ఇల్లూ ఊరూ వదిలి శానిటోరియంలో చేరడమే రోగికి మిగిలిన దారి.

మందులు వచ్చాక ఆలోచన మారింది. 1950 నుంచి 1955 వరకు డాక్టర్ యొహన్నెస్ ఫ్రిమొట్-మొల్లర్ బృందం మదనపల్లె చుట్టూ ఉన్న పల్లెల్లో టీబీ మీద పెద్ద అధ్యయనం చేసింది. రోగి వచ్చేదాకా కాచుకోకుండా వైద్యులే ఊరికి వెళ్లారు. 1956లో మద్రాసులో ఇంకో పరీక్ష మొదలైంది. 193 మంది పేద రోగుల్లో కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంట్లోనే ఏడాదిపాటు అవే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవారివి ఇరుకు గదులు, తక్కువ తిండి. అయినా 1959లో ఫలితాలు వెలువడినప్పుడు, వాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారని తేలింది. మందు మానకుండా మింగుతున్నారా అని ఇంటికి వెళ్లి చూసే మనిషి ఉండటం అందులో ముఖ్యమైన సంగతి.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన పిల్లల కోసం. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందులు నల్లమందు జాతికి చెందినవి. వీటిని ఓపియాయిడ్లు అంటారు. 2018లో ట్రామడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. దేశంలో 2 కోట్లకు పైగా మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. అలవాటైన పిల్లవాడు ఒక్కసారిగా మానితే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి పట్టుకుంటాయి. అది చూసి తల్లిదండ్రులు భయపడతారు. అప్పటి టీబీ కుటుంబాల్లాగే దాచిపెడతారు, లేదా దూరంగా ఎక్కడికో పంపేస్తారు. కొందరైతే గదిలో పెట్టి తాళం వేస్తారు, కట్టేస్తారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. మత్తు వ్యసనం కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుంది.

మార్కు సువార్త 5వ అధ్యాయం తీయండి. సమాధుల్లో తిరిగినవాణ్ణి ఊరివాళ్లు ఎన్నోసార్లు సంకెళ్లతో బంధించారు. ఏ సంకెల వాణ్ణి బాగుచేయలేదు. బాగుపడ్డాక వాడు ప్రభువు వెంట వస్తానన్నాడు. ప్రభువు వాణ్ణి వాడి ఇంటికే, వాడి సొంతవారి దగ్గరకే పంపాడు. వ్యసనాన్ని దయ్యం అని నేను అనడం లేదు, అది జబ్బు. కానీ స్వస్థత పూర్తి కావలసిన చోటు ఇల్లేనని ఆ వాక్యభాగం నాకు నేర్పుతోంది.

తమిళనాడులో ఇది జరిగి చూపించింది. 1980లో మద్రాసులో శాంతి రంగనాథన్ గారు మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి, తరువాత పల్లెల్లోనే మద్యం మాన్పించే శిబిరాలు నడిపింది. వైద్యులు ఊరికి వెళ్లారు, ఊరు చేయి కలిపింది, కుటుంబాలను కూడా కూర్చోబెట్టి మాట్లాడారు, శిబిరం అయ్యాక మళ్లీ మళ్లీ వెళ్లి పలకరించారు.

మనం చేయవలసింది ఇదే. మొదట డాక్టరు. ప్రార్థన చేశాం కదా అని డాక్టరు ఇచ్చిన మందు ఆపించకండి. బ్యుప్రినార్ఫిన్ లాంటి మందు నెలల తరబడి అవసరం కావచ్చు. కొంతకాలం మానినవాడు మళ్లీ పాత మోతాదే వేసుకుంటే ప్రాణం పోవచ్చు, ఎందుకంటే ఒంటికి ఆ తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. అందుకే జారిపడినవాణ్ణి తిట్టి తరిమితే అది ప్రమాదం. వెంటనే మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. పోలీసు భయం ఉన్నవారు ఒకటి తెలుసుకోండి: తనంతట తానే గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, కొద్ది మోతాదు కేసుల్లో, మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఎవరిని అడగాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయండి. అది ఉచితం.

డాక్టరు పని డాక్టరుది. సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, మాత్ర వేసుకున్నాడా, భోంచేశాడా, బడికి వెళ్లాడా అని అడిగే పని సంఘానిది. ఈ వారం మీ వీధిలో ఏ ఇంటి తలుపు తట్టాలో ప్రభువు మీకు చూపును గాక. ఆమేన్.