ఒక్కరికి తేలని చిక్కు, నలుగురు కూర్చుంటే తేలుతుంది



మొన్న సభ్యుల జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఒకే పెద్దాయన మూడుచోట్ల మూడు రకాల స్పెల్లింగుతో కనిపించారు. తప్పు ఎవరిదీ కాదు. 'సుబ్బారావు'లో 'సు' రాయడానికి ఇంగ్లీషు పద్ధతిలో ఎస్ పక్కన యు ఒక్కటి చాలు. ఫ్రెంచి పద్ధతిలో ఓ, యు రెండూ కావాలి. మనది 1954 జూన్ 13 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఊరు. పాత కాగితంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండడం మనకి కొత్త కాదు. కానీ పింఛను కోసమో, వారసత్వం కోసమో వెళ్లినప్పుడు "ఈయనా ఆయనా ఒకరేనని రుజువేంటి?" అని అడిగితే ఆ ఇంటివాళ్లకి కాళ్లరుగుతాయి.

ఇలాంటి చిక్కులు విప్పడమే డేటాబేస్ వాళ్ల పని. ఆ పని వాళ్లు ఒంటరిగా నేర్చుకోలేదు. నలుగురూ కూడి నేర్చుకున్నారు. ఆ కథే ఈ రోజు చెబుదామని.

1955లో అమెరికాలో ఐబీఎం 704 అనే కంప్యూటర్ తీసుకుంటున్న కంపెనీల వాళ్లు లాస్ ఏంజిలెస్ దగ్గర కలుసుకున్నారు. వ్యాపారంలో పోటీదారులే. అయినా ఒకే ప్రోగ్రాం ప్రతివాళ్లూ మళ్లీ మళ్లీ రాసుకోవడం దండగని, రాసినవి పంచుకుందామని 'షేర్' అనే కూటమి పెట్టుకున్నారు. మన దేశంలో 1965లో పుట్టిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా మొదట్లో కొద్దిమంది వాడుకరుల గుంపే.

1970లో ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసం రాశారు. సమాచారాన్ని పట్టికల్లో పెట్టండి, అది లోపల ఎక్కడ దాగుందో అడిగేవాడికి తెలియక్కర్లేదు, ఏం కావాలో చెబితే చాలు అన్నది అందులోని సారం. ఇవాళ బ్యాంకు, రేషను కార్డు లాంటి చాలావాటి వెనక ఉన్నది ఆ ఆలోచనే. 1986లో బర్క్లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం 'పోస్ట్‌గ్రెస్' మొదలుపెట్టింది. కొన్నేళ్లకి విశ్వవిద్యాలయం ఆ పని ఆపేసింది. మామూలుగా అయితే అక్కడితో సరి. కానీ రకరకాల దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. 1996లో పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా ఈనాటికీ నడుస్తోంది.

మన తెలుగు నేల మీదా ఈ కూటములు కొత్త కాదు. ఆల్ ఇండియా ఒరాకిల్ యూజర్స్ గ్రూప్ వారి 'సంగం' సభలకి హైదరాబాదు వేదికైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 'స్వేచ్ఛ' సంస్థ అక్కడే పనిచేస్తోంది. పోస్ట్‌గ్రెస్ వాళ్ల జాతీయ సభ బెంగళూరులో జరుగుతోంది. మన కుర్రాళ్లు ఆ ఊళ్లకి ఉద్యోగాలకెళ్లి ఇవన్నీ చూసినవాళ్లే.

మరి యానాంలో ఎందుకు కూర్చోకూడదు? యానాం జనన, వివాహ, మరణ రిజిస్టర్ల పాత ప్రతులు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ భాండాగారంలో ఉన్నాయి. అవీ పట్టికలే, గుమాస్తా కలంతో రాసినవి. పేరునే గుర్తుగా పెట్టుకుంటే మనిషి ముగ్గురవుతాడు. మనిషికో సంఖ్య ఇచ్చి, పేరు ఎన్ని రకాలుగా రాసినా ఆ సంఖ్య కిందికే చేరిస్తే ఒక్కడిగా మిగులుతాడు. ప్రోగ్రాం రాసే పిల్లలకి ఈ కిటుకు తెలుసు. ఏ స్పెల్లింగు ఏ ఇంటిదో మాత్రం పెద్దవాళ్లకే తెలుసు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటేనే పని జరిగేది.

ముందుగా మన సభ్యుల జాబితాతోనే మొదలుపెడదాం. నెలకో ఆదివారం, రెండు గంటలు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు అది తెండి. లేనివాళ్లు మీ ఇంటి పాత కాగితం నకలు తెండి. ఇంటివాళ్ల అనుమతి లేనిదే ఏ వివరమూ బయటకి పోకూడదన్నది మొదటి నియమంగా పెట్టుకుందాం.

వచ్చేవాళ్లు కింద ఒక మాట రాయండి.