కేంద్రం నిధులు తగ్గితే నగరంలో ముందు ఆగేది ఏమిటి?

చెత్త బండి రోజు విడిచి రోజు వస్తే జనం వార్డు కార్పొరేటర్‌ను నిలదీస్తారు. వీధి దీపం వారం రోజులుగా వెలగకపోతే మున్సిపల్ కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తారు. చాలాసార్లు తప్పు స్థానికంగానే ఉంటుంది. కానీ కొన్నిసార్లు దాని మూలం ఢిల్లీలో ఆగిన వాయిదాలోనో, గడువు ముగిసిన పథకంలోనో, రాష్ట్ర రాజధానిలో కదలని ఫైలులోనో ఉంటుంది. నిర్ణయం తీసుకున్నవారికీ, దాని ఫలితం అనుభవించేవారికీ మధ్య ఇంత దూరం ఉండటమే భారత నగర పాలనలో ప్రధాన సమస్య.

కేంద్రం నిధులు నగరాలకు ఎలా వస్తాయి, ఏ రూపంలో తగ్గుతాయి, తగ్గినప్పుడు ఏ సేవలపై దెబ్బ పడుతుందన్నది ఈ కథనం వివరిస్తుంది.

డబ్బు వచ్చే దారులు

పురపాలక సంఘానికి ప్రధానంగా మూడు వైపుల నుంచి ఆదాయం వస్తుంది. మొదటిది సొంత ఆదాయం. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు ఇందులోకి వస్తాయి. రెండోది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వాటా. ఇది ఎంత ఉండాలో సూచించడానికి రాజ్యాంగం రాష్ట్ర ఆర్థిక సంఘాలను నిర్దేశించింది. మూడోది కేంద్రం నుంచి వచ్చే డబ్బు. ఇందులో కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సు చేసే గ్రాంట్లు ఒక భాగమైతే, అమృత్, స్వచ్ఛ భారత్ వంటి పథకాల నిధులు మరో భాగం.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలనకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. తాగునీరు, పారిశుధ్యం, రోడ్లు, పేదవాడల అభివృద్ధి సహా 18 అంశాలను పన్నెండో షెడ్యూల్‌లో చేర్చింది. అయితే పనులను పేర్కొన్నంత స్పష్టంగా పన్నులను పేర్కొనలేదు. ఏ పన్ను వేసుకోవచ్చో, ఏ మేరకు వేసుకోవచ్చో నిర్ణయించే అధికారం రాష్ట్ర శాసనసభ దగ్గరే ఉండిపోయింది. కేంద్ర గ్రాంటు కూడా నేరుగా నగరానికి చేరదు. రాష్ట్ర ఖజానా మీదుగా వస్తుంది. అందిన పది పనిదినాల్లో దాన్ని స్థానిక సంస్థలకు బదిలీ చేయాలనీ, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలనీ 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. ఇలాంటి షరతు అవసరమైందంటేనే ఆలస్యం ఎంత మామూలో తెలుస్తుంది.

కోత అనే మాట లేకుండా కోత

కేంద్ర బడ్జెట్‌లో ‘నగరాలకు ఇంత తగ్గిస్తున్నాం’ అన్న ప్రకటన దాదాపు ఎప్పుడూ కనిపించదు. తగ్గింపు వేరే రూపాల్లో వస్తుంది.

మొదటిది, లెక్క మొదలయ్యే అంకెనే తగ్గించడం. 15వ ఆర్థిక సంఘం తన తొలి నివేదికలో 2020-21 ఒక్క ఏడాదికి పట్టణ స్థానిక సంస్థలకు రూ. 29,250 కోట్లు సిఫార్సు చేసింది. ఆ తర్వాతి ఐదేళ్లకు, అంటే 2021-26కు, మొత్తం రూ. 1,21,055 కోట్లు సూచించింది. మొత్తంగా చూస్తే పెద్ద సంఖ్యే. ఏడాదివారీగా విడదీస్తే 2021-22కు వచ్చింది రూ. 22,114 కోట్లు. అంటే ముందటి ఏడాది కంటే దాదాపు 24 శాతం తక్కువ. చివరి ఏడాది 2025-26కు సూచించిన రూ. 26,158 కోట్లు కూడా 2020-21 స్థాయిని అందుకోలేదు. మధ్యలో పెరిగిన ధరలను, జనాభాను కలుపుకుంటే అసలు తగ్గుదల ఇంకా ఎక్కువ. ఆరోగ్య సేవల కోసం స్థానిక సంస్థల ద్వారా ఇచ్చేలా గ్రామాలకూ పట్టణాలకూ కలిపి ఆ సంఘం విడిగా రూ. 70,051 కోట్లు కేటాయించిన మాట నిజమే. కానీ ఆ డబ్బు ఆరోగ్య కేంద్రాలకే పరిమితం. పైపులైను మరమ్మతుకు పనికిరాదు.

రెండోది, డబ్బు చేతికిచ్చి చేయి కట్టేయడం. పది లక్షల జనాభా దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన రూ. 38,196 కోట్లలో మూడింట రెండు వంతులు నీరు, పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణకూ, మూడో వంతు గాలి నాణ్యతకూ ముడిపడి ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఈ కోవలోకి వచ్చాయి. మిగతా పట్టణాలకు గ్రాంటులో 40 శాతమే స్వేచ్ఛగా ఖర్చు చేసుకునే వీలిచ్చింది. 60 శాతం నీటికీ పారిశుధ్యానికీ ముందే కేటాయించారు. ఈ ప్రాధాన్యాలు తప్పని ఎవరూ అనరు. కానీ ఒక పట్టణానికి ఆ ఏడాది అత్యవసరం వంతెన మరమ్మతో, శ్మశానవాటికో అయితే దానికి డబ్బు మరోచోట వెతుక్కోవాలి.

మూడోది, పంపిణీకి రాని పన్నులు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 14వ ఆర్థిక సంఘం 42 శాతంగా, 15వ సంఘం జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతంగా మారిన నేపథ్యంలో 41 శాతంగా సూచించాయి. కానీ సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. 2015 నవంబరులో మొదలై 2017 జూలైలో జీఎస్టీతో రద్దైన స్వచ్ఛ భారత్ సెస్సు ఇందుకు మంచి ఉదాహరణ. పారిశుధ్యం పేరుతో వసూలైన ఆ పన్నులో, వీధులు ఊడ్చే స్థానిక సంస్థలకు కానీ రాష్ట్రాలకు కానీ హక్కుగా దక్కే వాటా ఏమీ లేదు. రాష్ట్రాల మధ్య పంపకంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 శాతం నుంచి 4.047కు, తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102కు తగ్గింది. రాష్ట్రం చేయి బిగిస్తే ముందుగా ఆగే బిల్లుల్లో మున్సిపాలిటీలవీ ఉంటాయి.

పథకం ముగుస్తుంది, ఖర్చు ముగియదు

2005 డిసెంబరులో మొదలైన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద 40 లక్షలకు పైబడిన జనాభా గల నగరాలకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం కేంద్రం ఇచ్చింది. మిగతాది రాష్ట్రం, నగరం భరించాలి. ఆ పథకం కింద సిటీ బస్సులు కొనడానికి సాయం అందింది. వాటిని నడపడంలో వచ్చే నష్టం మాత్రం రవాణా సంస్థలపైనే పడింది.

2015 జూన్‌లో ప్రారంభమైన స్మార్ట్ సిటీస్ మిషన్‌లోనూ ఇదే వరుస. వంద నగరాలకు కేంద్రం వాటాగా రూ. 48,000 కోట్లు నిర్దేశించారు. విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ ఆ జాబితాలో ఉన్నాయి. మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. వందకు వంద నగరాల్లోనూ కెమెరాలు, తెరలతో కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వెలిశాయి. వాటి విద్యుత్ బిల్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, సిబ్బంది జీతం మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. ఆస్తిని సృష్టించడానికి డబ్బిచ్చి నిర్వహణను వదిలేసే పథకం నగరానికి సాయం చేస్తూనే కొత్త అప్పు కూడా మోపుతుంది.

ఎన్నికలు జరగకపోతే

సకాలంలో ఎన్నికైన పాలకవర్గం ఉన్న స్థానిక సంస్థలకే ఆర్థిక సంఘం గ్రాంటు విడుదల చేయాలన్నది మరో షరతు. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోని 243యూ అధికరణం చెబుతోంది. ఆచరణ వేరు. తమిళనాడులో స్థానిక సంస్థల గడువు 2016లో ముగిస్తే పట్టణ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి. ఈ మధ్యకాలంలో ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోయి, వాటి కోసం రాష్ట్ర ప్రభుత్వం పదేపదే కేంద్రాన్ని కోరాల్సి వచ్చింది. బెంగళూరు పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో, ముంబైది 2022 మార్చిలో ముగిశాక ఏళ్ల తరబడి అధికారుల పాలనే సాగింది. తెలంగాణలో అత్యధిక మున్సిపాలిటీల గడువు 2025 జనవరిలో తీరి ప్రత్యేకాధికారులు వచ్చారు.

ఈ షరతు ఉద్దేశం మంచిదే. అది లేకపోతే ఎన్నికలు ఇంకా ఆలస్యమవుతాయి. కానీ ఎన్నికలు వాయిదా వేసేది రాష్ట్ర ప్రభుత్వం, నిధులు ఆపేది కేంద్రం, నీళ్లు రాక ఇబ్బంది పడేది పట్టణ పౌరుడు. ఓటూ పోయింది, గ్రాంటూ పోయింది.

పన్ను పోయి పరిహారం వచ్చింది

2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ నగరాల సొంత ఆదాయంలో కొంత భాగాన్ని మింగేసింది. ఆక్ట్రాయ్, ప్రవేశ పన్ను, ప్రకటనల పన్ను అందులో కలిసిపోయాయి. ముంబై కార్పొరేషన్‌కు ఆక్ట్రాయ్ అతిపెద్ద ఆదాయ వనరు. ఏటా సుమారు రూ. 7,000 కోట్లు వచ్చేది. దాని స్థానంలో మహారాష్ట్ర చట్టం చేసి, ఏటా 8 శాతం పెంపుతో పరిహారం ఇస్తోంది. సరుకు లారీలను ఊరి పొలిమేరలో ఆపే బాధ తప్పింది, నిజమే. కానీ సొంతంగా వసూలు చేసుకునే నగరం నెలనెలా పై నుంచి వచ్చే చెక్కు కోసం ఎదురుచూసే నగరంగా మారింది. జీఎస్టీ మండలిలో కేంద్రానికీ రాష్ట్రాలకూ స్థానముంది. ఏ నగరానికీ లేదు.

కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై పన్ను వేసే అధికారం కూడా స్థానిక సంస్థలకు లేదు. రాజ్యాంగంలోని 285వ అధికరణం మినహాయింపునిచ్చింది. రైల్వే కాలనీల వంటి చోట్ల అందించే సేవలను బట్టి సర్వీసు చార్జీలు మాత్రం రాబట్టుకోవచ్చు.

ముందు ఏది ఆగుతుంది?

డబ్బు తగ్గినప్పుడు కార్పొరేషన్ అన్నింటినీ సమానంగా తగ్గించలేదు. శాశ్వత ఉద్యోగుల జీతాలు, పింఛన్లు, తీసుకున్న రుణాల వాయిదాలు తప్పనిసరి. నీటి పంపింగ్‌కయ్యే విద్యుత్ ఖర్చు కూడా తగ్గించేది కాదు, మహా అయితే బకాయి పెట్టవచ్చు. ఇక మిగిలేది నిర్వహణే. వానాకాలానికి ముందు కాలువల్లో పూడిక తీయడం, పాత పైపుల మార్పిడి, మోటార్ల సర్వీసింగ్ వాయిదా పడతాయి. వీటిని ఒక ఏడాది మానేసినా కంటికి కనిపించదు. రెండో, మూడో ఏట ఒకే వానకు కాలనీ మునిగినప్పుడు కనిపిస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చు మిగిల్చినదానికంటే ఎక్కువ.

తర్వాతి వేటు అవుట్‌సోర్సింగ్ సిబ్బందిపై పడుతుంది. చెత్త ఎత్తేవారిలో, కాలువలు శుభ్రం చేసేవారిలో అధిక భాగం కాంట్రాక్టు కార్మికులే. కాంట్రాక్టర్‌కు బిల్లు ఆగితే వారి జీతం ఆగుతుంది. నగర ఆర్థిక సంక్షోభం మొట్టమొదట చేరేది ఆ ఇళ్లకే.

సేవ తగ్గినప్పుడు భారం కూడా సమానంగా పడదు. అపార్ట్‌మెంట్ సంఘం చందాలు వేసుకుని ట్యాంకర్ తెప్పించుకుంటుంది. వీధి కుళాయిపై ఆధారపడిన బస్తీకి ఆ వెసులుబాటు లేదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

షరతులు ఇంటి గుమ్మం దాకా ఎలా వస్తాయో 2020 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో స్పష్టంగా కనిపించింది. కొవిడ్ ఏడాదిలో రాష్ట్రాల రుణ పరిమితిని పెంచిన కేంద్రం, ఆ పెంపులో కొంత భాగాన్ని నాలుగు సంస్కరణలకు ముడిపెట్టింది. అందులో ఒకటి పట్టణ సంస్కరణ. ఆస్తి పన్ను కనీస రేట్లను భూముల మార్కెట్ విలువలకు అనుగుణంగా నిర్ణయించాలి. నీరు, మురుగునీటి చార్జీలు ఖర్చును ప్రతిబింబించాలి.

ఈ సంస్కరణను ముందుగా పూర్తిచేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ప్రతిఫలంగా ఆంధ్రప్రదేశ్‌కు రూ. 2,525 కోట్ల అదనపు అప్పు తెచ్చుకునే అనుమతి దొరికింది. రాష్ట్రంలో ఆస్తి పన్ను అద్దె విలువ పద్ధతి నుంచి మూలధన విలువ పద్ధతికి మారింది. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. 2021లో ఇంటింటి చెత్త సేకరణకు ఇళ్ల నుంచి నెలకు రూ. 120 వరకూ రుసుము మొదలైంది. జనం దాన్ని ‘చెత్త పన్ను’ అన్నారు. అది ఎన్నికల అంశమైంది. 2024లో ప్రభుత్వం మారాక రద్దైంది.

రుసుము రద్దైనా చెత్త రోజూ వస్తూనే ఉంటుంది. బండి డీజిలుకు, డ్రైవరు జీతానికి డబ్బు ఎవరో ఒకరు ఇవ్వాలి. పౌరుడు ఇవ్వనప్పుడు మున్సిపాలిటీ సాధారణ నిధి నుంచి తీయాలి, అంటే మరో పనిలో కోత పడుతుంది. ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది. అప్పు తెచ్చుకునే వీలు దక్కింది రాష్ట్రానికి. పన్ను వసూలు చేసి మాటపడింది మున్సిపాలిటీ.

పెద్ద నగరం, చిన్న పట్టణం

పెద్ద నగరాలకు ప్రత్యామ్నాయాలున్నాయి. హైదరాబాద్ కార్పొరేషన్ 2018లో బాండ్లతో రూ. 200 కోట్లు సమీకరించింది. అదే ఏడాది విశాఖ కార్పొరేషన్ కూడా బాండ్లు జారీ చేసింది. క్రెడిట్ రేటింగ్, సక్రమమైన పద్దులు, నికర ఆదాయం ఉన్న నగరానికే ఈ దారి. యాభై వేల జనాభా ఉన్న మున్సిపాలిటీకి ఆస్తి పన్ను మొత్తం వసూలైనా జీతాలకే సరిపోదు. అమృత్ 2.0లో లక్షలోపు జనాభా పట్టణాలకు కేంద్రం సగం, పది లక్షలు దాటిన నగరాలకు పావు వంతు ఇవ్వడం ఈ తేడాను గుర్తించే ఏర్పాటే. అయినా మిగతా సగం సమకూర్చుకోలేక చిన్న పట్టణం వెనకబడే ప్రమాదం ఉంటుంది.

బడ్జెట్‌లో ఏం చూడాలి?

తమ ఊరికి నిధులు తగ్గాయా లేదా అన్నది తేల్చుకోవాలంటే మున్సిపల్ బడ్జెట్‌లో నాలుగు సంగతులు చూడాలి. బడ్జెట్ అంచనాను కాకుండా రెండేళ్ల క్రితం నిజంగా అందిన మొత్తాన్ని చూడాలి. గ్రాంటులో ఎంత భాగం షరతులతో ముడిపడి ఉందో చూడాలి. కొత్త నిర్మాణానికీ నిర్వహణకూ మధ్య నిష్పత్తి ఎలా మారిందో గమనించాలి. విద్యుత్ సంస్థకు, కాంట్రాక్టర్లకు ఉన్న బకాయిలు పెరుగుతున్నాయేమో లెక్కించాలి. బకాయిలు పెరుగుతూ నిర్వహణ పద్దు తగ్గుతుంటే, ప్రకటన వచ్చినా రాకపోయినా ఆ ఊళ్లో కోత మొదలైనట్టే.

2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. గ్రాంటు అంకె పెరిగిందా తరిగిందా అన్నదానితో పాటు అది ఏ షరతులతో, ఏ నెలలో, ఎంత స్వేచ్ఛతో నగరానికి చేరుతుందన్నది కూడా అడగాలి. వార్డు సమావేశంలో కార్పొరేటర్‌ను నిలదీసే హక్కు పౌరుడికి ఉంది. అదే ప్రశ్నను శాసనసభ్యుడినీ, పార్లమెంటు సభ్యుడినీ కూడా అడిగినప్పుడే దానికి పూర్తి సమాధానం వస్తుంది.