మిలట్రీ ఉత్తరం: ఇద్దరి మాట, నలుగురి చేతులు

దివిసీమలోని మోపిదేవి పేరు చెప్పగానే పుట్టలో వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుర్తొస్తాడు. పెళ్లి కుదరాలని, పిల్లలు కలగాలని మొక్కుకునేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఈ గుడికి వస్తారు. మగడు మిలట్రీలో ఉన్న ఇల్లాలి మొక్కు మాత్రం వేరు. అతను చల్లగా ఉండాలి, సెలవు దొరకాలి, ఈలోగా ఒక ఉత్తరం రావాలి. ఆ ఉత్తరం ఎక్కడ పుట్టిందో, ఎన్ని చేతులు మారి దివిసీమ గడప తొక్కేదో చెప్పుకోవాల్సిన కథ. ఇన్నేళ్ల చరిత్రలో చాలా భాగం అది భార్యాభర్తల మధ్య ఉత్తరం కానే కాదు. రాసేవాడొకడు, చదివి సరేననేవాడొకడు, తెచ్చేవాడొకడు, చదివి వినిపించేవాడింకొకడు. ఇంతమంది నడుమ ఇద్దరు మనుషులు తమ మాట తాము చెప్పుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

మన తీరంలో సిపాయి ఉద్యోగం పాతది. 1759 ఏప్రిల్‌లో ఈస్టిండియా కుంపిణీ కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటను పట్టుకున్నాడు. ఆ రోజుల్లో దక్షిణాది నుంచి బెంగాల్‌కు వెళ్లిన కుంపిణీ సిపాయిలను అక్కడివాళ్లు తిలంగాలు అన్నారు. తర్వాత ఏ సిపాయికైనా అదే పేరు స్థిరపడింది. అయితే తిలంగాకు ఇంటికి ఉత్తరం రాయాల్సిన పని అంతగా పడలేదు. మద్రాసు సైన్యంలో పటాలం ఎక్కడికి కదిలితే సిపాయి పెళ్లాంబిడ్డలూ అక్కడికే కదిలేవాళ్లు. వాళ్లను విడదీసింది సముద్రం. 1824లో మొదటి బర్మా యుద్ధానికి మద్రాసు సిపాయిలు ఓడలెక్కి రంగూను వెళ్లారు, ఆడవాళ్లు ఒడ్డున ఉండిపోయారు. ఓడెక్కిన సిపాయి జీతంలో కొంత వాటాను ఇక్కడ ఇంటివాళ్లకు ముట్టజెప్పే ఏర్పాటు మద్రాసు సైన్యంలో ఉండేది. నా దృష్టిలో మిలట్రీ ఉత్తరానికి పూర్వరూపం అదే. నెలనెలా డబ్బు చేతికందిందంటే మనిషి బతికే ఉన్నాడని అర్థం.

ఉత్తరం పేదవాడికి అందుబాటులోకి వచ్చింది 1854 అక్టోబర్ తర్వాత. దూరంతో పని లేకుండా పావు తులం బరువుకు అర్ధణా చొప్పున దేశమంతటికీ ఒకటే రేటు పెట్టారు. 1856లో పర్షియా మీదికి, బుషైర్ రేవుకు వెళ్లిన దండుతోపాటు ఒక తపాలా కచేరీ కూడా వెళ్లింది. మన సైన్యం వెంట నడిచిన మొదటి ఫీల్డ్ పోస్టాఫీసు అదే. 1879 జులైలో పావు అణా కార్డు, 1880లో మనియార్డరు వచ్చాయి. సిపాయి ఇంటికి ఈ రెండింటిలో మనియార్డరే పెద్ద చుట్టం. ఫారం అడుగున నాలుగు ముక్కలు రాసుకోవడానికి కాస్త జాగా ఉండేది. చదువురాని ఇల్లాలు వేలిముద్ర వేస్తుంది, పక్కింటాయన సాక్షి సంతకం పెడతాడు, పోస్టుమాన్ నోట్లు లెక్కపెట్టి ఆ నాలుగు ముక్కలూ చదువుతాడు. వాకిట్లో నిలబడి, అత్తమామల ఎదుట, ఊరి మనిషి గొంతులో ఆమె తన భర్త మాట వింటుంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటారు. ఫ్రాన్సు కందకాల్లోకి వెళ్లిన కాల్బలంలో ఎక్కువమంది పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతం పట్టుకుని ఇంగ్లీషువాళ్లు అప్పటికే మద్రాసు పటాలాలను చాలావరకు కుదించేశారు. మిగిలిన వాటిలో 61వ పయనీర్లు, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫంట్రీ 1914 నవంబర్‌లో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవులో దిగారు. మద్రాసు సాపర్లు (ఇంజినీరు దళం) మెసపొటేమియాలో నదుల మీద వంతెనలు వేశారు.

సిపాయి కుటుంబ లేఖ గురించి మనకు ఈనాడు తెలిసిందంతా దాదాపుగా ఫ్రాన్సులో జరిగిన ఒక ఏర్పాటు చలవ. 1914 చివరలో కెప్టెన్ ఈవ్‌లిన్ బర్క్‌లీ హోవెల్ అనే అధికారిని భారతీయ ఉత్తరాల సెన్సారుగా నియమించారు. బులోన్ రేవులో అతని కార్యాలయం. సిపాయిలు ఇంటికి రాసేవీ, ఇంటి నుంచి వాళ్లకొచ్చేవీ అక్కడ తెరిచి చూసేవాళ్లు. కొన్నింటిలోంచి ముఖ్యమనుకున్న భాగాలను ఇంగ్లీషులోకి మార్చి పైవాళ్లకు వారంవారం నివేదిక పంపేవాళ్లు. అసలు ఉత్తరాలు తమ దారిన తాము వెళ్లి, ఊళ్లలో చెదలకూ వానలకూ పోయాయి. ఇంగ్లీషులో దింపుకున్న ముక్కలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మిగిలాయి. వాటిలోంచి ఎంచి డేవిడ్ ఒమిస్సీ 1999లో పుస్తకంగా తెచ్చాడు. రాసినవాడి సొంత పలుకు పోయి, అతనిపై నిఘా పెట్టినవాడి భాషలో అతని గోడు మిగలడం తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

తమ ఉత్తరాలు ఎవరో విప్పుతున్నారని సిపాయిలకు తెలుసు. అందుకే మరుగుమాటలు పుట్టాయి. నల్ల మిరియాలు అంటే మన సైనికులు, ఎర్ర మిరియాలు అంటే తెల్ల సైనికులు. నల్ల మిరియాలు నిండుకుంటున్నాయని రాస్తే, మనవాళ్లు రాలిపోతున్నారు, ఇంకెవరినీ చేరనివ్వకండని ఇంట్లో అర్థం చేసుకోవాలి. ఇలాంటి గుట్టు మగవాళ్ల మధ్య నడిచేది. భార్యకు రాసే మాటకు ఆపాటి చాటు కూడా లేదు. రాసేవాడికి అక్షరం రాకపోతే పటాలంలో చదువొచ్చిన తోటివాడు రాసిపెట్టాలి. 1911 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు. ఇక్కడ విప్పి చదివేది మామగారో, మరిదో, బడిపంతులో, కరణంగారో. నలుగురి చెవిన పడుతుందని తెలిసినవాడు ఏం రాస్తాడు? పాడిగేదె ఈనిందా, మడికి నీరందిందా, శిస్తు కట్టారా, పిల్లవాడిని బడిలో వేశారా అని రాస్తాడు. ఆమె గురించి ఒక్క ముక్క కూడా అడగకపోయినా ఆ ప్రశ్నలన్నీ ఆమెకేనని ఆమెకు తెలుసు.

అప్పటి మర్యాదా అలాంటిదే. భర్త రాస్తే చి.ల.సౌ. అని మొదలుపెట్టి, దీవించి వ్రాయునది ఏమనగా అంటాడు. భార్య తరఫున రాసేవాళ్లు మహారాజశ్రీ అని మొదలుపెట్టి, పాదపద్మములకు నమస్కరించి అంటారు. తర్వాత ఉభయకుశలోపరి. భర్త పేరు నోట పలకని ఇల్లాలు పై చిరునామా కూడా చెప్పలేదు, ఆ పేరు ఎవరో ఒకరు అందించాలి. ఈ పడికట్టు మాటలను చూసి వాటిలో మనసు లేదనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గట్టిగా చెప్పే వీలు లేనివాళ్లకు అవి చేతికందిన పాత్రలు, లోపల ఏం పోసి పంపారో తీసుకున్నవాళ్లకు తెలుస్తుంది. కవరులో మడిచి పెట్టిన కుంకుమ పొట్లానికి రాయసగాడితో పని లేదు.

యుద్ధం సంగతులు ఊరికి ఇంకో దారిన కూడా వచ్చేవి. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావుగారి చేతిలో ఉన్న కాలమది. పేపరు చదివేవాడి చుట్టూ పదిమంది చేరేవాళ్లు. ఏ ఊరు పడిందో, ఏ ఓడ మునిగిందో పేపరు చెబుతుంది. తన మనిషి ఎక్కడున్నాడో ఉత్తరం చెప్పదు. ఈ రెండింటి మధ్య కూర్చున్న ఇల్లాలి గుండెను ఎవరూ రాసిపెట్టలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం పాతిక లక్షలకు పెరిగింది, మద్రాసు పటాలానికి మళ్లీ పిలుపొచ్చింది. మన పక్క జిల్లాలో, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం కథ చాలామందికి తెలుసు. మొదటి యుద్ధానికి సుమారు 90 మందిని, రెండోదానికి వెయ్యిమందికి పైగా పంపిన ఊరు. మిలట్రీ మాధవరం అనే పిలుస్తారు. ఒక్క ఊళ్లో ఇన్ని ఇళ్లు పోస్టుమాన్ కోసం ఎదురుచూడటం అంటే, వీధిలో అతని సైకిలు ఏ ఇంటి ముందు ఆగిందో ఊరంతా చూస్తూ ఉండటమే.

ఈ యుద్ధంలో ఉత్తరం రూపమే మారింది. విమానాల్లో బరువు కలిసిరావాలని 1941లో ఎయిర్‌గ్రాఫ్ పద్ధతి తెచ్చారు. సైనికుడు ఒక ఫారం మీద రాస్తే, దాన్ని ఫొటో తీసి ఫిల్ము చుట్టను విమానంలో పంపేవాళ్లు. చేరినచోట చిన్న కాగితం మీద ముద్రించి బట్వాడా చేసేవాళ్లు. మామూలుగా 50 పౌన్లు తూగే పదహారు వందల పైచిలుకు ఉత్తరాలు ఫిల్ము మీద అయిదారు ఔన్సులకు దిగేవి. 1942 నాటికి ఇది భారత్‌కూ వచ్చింది. అదే కాలంలో, కవరుతో పని లేకుండా మడిచి అంటించే పల్చటి ఎయిర్‌లెటర్‌ను మధ్యప్రాచ్యంలోని సైన్యానికి ఇచ్చారు. మన ఇన్‌లాండ్ ఉత్తరానికి అది అన్న వరస.

రూపం మారినా చూసే కన్ను మారలేదు. ముందు పటాలంలోని అధికారి చదివేవాడు, ఊరి పేరుంటే నల్లసిరా పూసేవాడు. ఎక్కడున్నావంటే చెప్పకూడదు, ఎక్కడికి వెళుతున్నావంటే అసలే చెప్పకూడదు. దానికి తోడు 1942లో యుద్ధం మన గడపకే వచ్చింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బర్మాలో ఉన్న మగడు ఇంటివాళ్ల కోసం, ఇంట్లో ఉన్న ఆలి అతని కోసం ఒకేసారి బెంగపడిన యుద్ధం బహుశా అదొక్కటే. అప్పటికే, ఫిబ్రవరి 15న, సింగపూరు జపానువాళ్లకు లొంగిపోయింది. సుమారు నలభై వేల మంది భారత సైనికులు ఖైదీలయ్యారు. వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు ఆగిపోయాయి. చాలామంది ఇల్లాళ్లు బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియక మూడేళ్లకు పైగా గడిపారు.

స్వాతంత్ర్యం తర్వాత కథ నాకు ఇష్టమైనది, ఎందుకంటే ఇక్కడ ఒక్కొక్కరుగా మధ్యవాళ్లు తప్పుకున్నారు. 1950 అక్టోబర్‌లో ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. కార్డు ముక్క మీద రాస్తే దారిపొడవునా అందరూ చదువుతారు. కవరు ఖరీదు ఎక్కువ. నీలిరంగు ఇన్‌లాండ్‌కు గోప్యం ఉంది, చవక కూడా. సైనికులకు ఉచితంగా ఇచ్చే ఫోర్సెస్ లెటర్ కూడా ఈ పోలికే. చిరునామాలో ఊరి పేరు బదులు 56 ఏపీవో, 99 ఏపీవో అనే అంకెలు మన ఇళ్లలో నోటికి వచ్చేశాయి. మొదటిది ఢిల్లీ మీదుగా, రెండోది కలకత్తా మీదుగా. ఇంటివాళ్లు పటాలం పేరు, ఆ అంకె రాసి డబ్బాలో వేస్తే చాలు. అది లద్దాఖ్‌లో ఉందో, ఈశాన్య సరిహద్దున నేఫాలో ఉందో సైనిక తపాలావాళ్లు చూసుకునేవాళ్లు. అక్కడి నుంచి వచ్చిన ఉత్తరం మీద ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు అంకె మాత్రమే ఉంటుంది. 1972 మార్చి 1న ఆర్మీ పోస్టల్ సర్వీస్ ప్రత్యేక దళంగా ఏర్పడింది. అదే ఏడాది ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చినప్పుడు 9తో మొదలయ్యే అంకెలు సైన్యానికి కేటాయించారు. దేశానికంతటికీ ఎనిమిది మండలాలుంటే తొమ్మిదోది నేల మీద లేని మండలం, సైనికుడు ఎక్కడుంటే అక్కడే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు తపాలాశాఖ తెచ్చింది కాదు. 1951లో దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. ఆ తర్వాత ఊరి బడికి వెళ్లిన ఆడపిల్లలు 1965, 1971 యుద్ధాల నాటికి, ఇంకా ఎక్కువగా ఆ తర్వాత, సిపాయిల భార్యలయ్యారు. తమ ఉత్తరం తామే విప్పుకున్నారు, తామే జవాబు రాశారు. మహారాజశ్రీ పోయి ప్రియమైన శ్రీవారికి వచ్చింది. ఏమండీ అని నోటితో పిలిచినట్టే రాశారు. ఆ ఇల్లాలికి అక్షరం ఇచ్చిన మేలు నా లెక్కలో ఓటుహక్కు కంటే తక్కువది కాదు. టెలిగ్రాం భయం మాత్రం పోలేదు. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు లేచేవి.

కార్గిల్ యుద్ధం నాటికి టెలిఫోను బూత్‌లు వీధివీధికీ వచ్చాయి, అయినా కొండల మీద నుంచి మాట కాగితం మీదే రావాలి. హైదరాబాదులో స్థిరపడిన ఒడియా కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 2వ రాజపుతానా రైఫిల్స్‌లో ఉన్నాడు. భార్య చారులత కడుపుతో ఉంది. 1999 జూన్‌లో తండ్రికి రాసిన ఉత్తరంలో, చారుకు రోజుకొక భారతకథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందని కోరాడు. జూన్ 28న శత్రువుల మీదికి తన దళాన్ని నడిపిస్తూ ప్రాణం ఇచ్చాడు. మహావీరచక్ర వచ్చింది. కొన్ని నెలలకు కూతురు అపరాజిత పుట్టింది. పెద్దయ్యాక తండ్రి గురించి పుస్తకం తెచ్చింది. తండ్రి చేత భార్యకు కథ చెప్పించడంలో పాతకాలపు పద్ధతి మళ్లీ కనిపిస్తుంది. ఈసారి మధ్యమనిషిని ఎంచుకున్నది అతనే.

ఇలాంటి ఉత్తరాలు దివిసీమలో ఎన్ని మిగిలాయన్నది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న. 1977 నవంబర్ 19న ఉప్పెన తీరపు ఊళ్ల మీద పడినప్పుడు వేలమంది మనుషులే పోయారు. ఇళ్లు కొట్టుకుపోయినచోట ట్రంకుపెట్టెలు మిగులుతాయా? మిగిలిన వాటిలోనూ భర్త రాసినవే కనిపిస్తాయి. భార్య రాసినవి పటాలంతో ఊరూరా తిరిగి, తడిసి, చిరిగి, బదిలీల్లో పోయాయి. ఆమె వైపు కథ చాలావరకు లేదు. కనుక ఎవరింట్లోనైనా తాతగారి మిలట్రీ పెట్టెలో నాయనమ్మ రాసిన ఇన్‌లాండ్ ఒక్కటి దొరికినా అది అరుదైనదని గ్రహించాలి. ఉత్తరం ఉంచుకుని పైకవరు పారేసే అలవాటు మనకుంది, అది వద్దు. తేదీ, పటాలం పేరు, ఫీల్డ్ పోస్టాఫీసు అంకె ఉండేది కవరు మీదే. అతను ఆ రోజు ఏ కొండ మీద ఉన్నాడో చరిత్రకారుడు తేల్చగలిగేది ఆ ముద్రను బట్టే. మడతల దగ్గర చిరిగితే ప్లాస్టిక్ టేపు వేయకండి, కొన్నాళ్లకు అక్షరాన్ని తినేస్తుంది. రెండువైపులా ఫొటో తీసి, ఎవరు ఎవరికి రాశారో, ఏ ఊరి నుంచో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి వేరే కాగితం మీద రాసిపెట్టండి.