హెరింగు చేపలు నేర్పిన పాఠం

మొన్న సంక్రాంతి సెలవులలో నా పూర్వవిద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఢిల్లీలో డాక్యుమెంటరీ చిత్రనిర్మాణం చదువుకుంటున్నాడు. కెమెరా ముచ్చట్లు చెబుతాడనుకుంటే, నిధులు అడగడం కూడా తమకు ఒక పాఠ్యాంశమేనన్నాడు. ఎవరి ఎదుట ఎన్ని నిమిషాలలో ఏమి చెప్పాలో, ఖర్చుల పట్టిక ఎలా వ్రాయాలో అభ్యాసం చేయిస్తారట. "యాచనకు కూడా బడి ఉన్నదా నాయనా?" అని నవ్వాను. వాడు నవ్వలేదు. "డబ్బిచ్చేవారికి నచ్చేటట్లు చెప్పీ చెప్పీ, నేను చెప్పదలచినదే మరచిపోతానేమోనని భయంగా ఉంది మాస్టారూ" అన్నాడు.

ఆ మాట పట్టుకొని కొన్నాళ్ళు పుస్తకాలు తిరగవేశాను. ఈ చిక్కు నేటిది కాదు. డాక్యుమెంటరీతో పాటే పుట్టినది. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' చిత్రానికి సొమ్ము పెట్టినది రెవియోఁ అనే ఫ్రెంచి బొచ్చుతోళ్ళ వ్యాపార సంస్థ. మంచుసీమలో జంతుచర్మాలు కొనే వర్తకుల ధనంతోనే ఆ మంచుసీమ మనుషుల జీవితం తెరకెక్కింది.

అయితే నిధులు సంపాదించడాన్నీ, చిత్రం తీయడాన్నీ, శిష్యులను తయారుచేయడాన్నీ ఒకే విద్యగా మలచినవాడు స్కాట్లండు దేశీయుడు జాన్ గ్రియర్సన్ (1898-1972). ఆయన ఒక బడిపంతులు కొడుకు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి, 1924లో రాక్‌ఫెల్లర్ వేతనంపై అమెరికా వెళ్ళాడు. ఫ్లాహర్టీ తీసిన 'మోఆనా' చిత్రాన్ని 1926లో న్యూయార్కు పత్రికలో సమీక్షిస్తూ ఆయన వాడిన 'డాక్యుమెంటరీ' అనే విశేషణమే తరువాత ఈ ప్రక్రియకు పేరైంది.

స్వదేశం చేరిన గ్రియర్సన్, ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థలో కుదిరాడు. సామ్రాజ్యంలో పండే సరకులకు ప్రచారం చేయడం దాని పని. కార్యదర్శి స్టీఫెన్ టాలెంట్స్‌కు సినిమాపై నమ్మకమున్నది. ఖజానా వారికి లేదు. అప్పట్లో ఖజానాశాఖలో ఆర్థిక కార్యదర్శిగా ఉన్న మంత్రి ఆర్థర్ మైకేల్ శామ్యూల్. ఆయనకొక వ్యసనమున్నది. హెరింగు అనే సముద్రపు చేప బ్రిటన్ చరిత్రను ఎలా మలచినదో వివరిస్తూ 1918లో ఏకంగా ఒక గ్రంథమే వ్రాశాడు! ఇంకేమి, హెరింగు వేట మీదనే చిత్రం తీస్తామని ప్రతిపాదించారు. ఖజానా తలుపు తెరుచుకున్నది.

ఇంతవరకే అయితే ఇది ముఖస్తుతి కథ. కాని 1929 నవంబరులో లండను ఫిల్మ్ సొసైటీ తెర మీద, ఐసెన్‌స్టైన్ 'పొటెంకిన్'తో కలిపి ప్రదర్శించిన ఆ 'డ్రిఫ్టర్స్' మూకీలో కనిపించినది మంత్రిగారి చేప మాత్రమే కాదు. అలలతో పెనుగులాడుతూ వలలు లాగే జాలరులు, వారి చేతులు, వారి అలసట. ఆనాటి బ్రిటిషు తెరపై శ్రామికుడు చాలావరకు హాస్యపాత్ర. దాతకు చేప చూపించి, జనానికి మనిషిని చూపించాడు గ్రియర్సన్.

ఆ పేరు చూసుకొని దర్శకుడిగా స్థిరపడవచ్చు. ఆయన బడి పెట్టాడు. బాసిల్ రైట్, ఆర్థర్ ఎల్టన్, ఎడ్గర్ ఆన్‌స్టీ వంటి యువకులను చేర్చుకున్నాడు. జీతం స్వల్పం. సిలబసు లేదు, పట్టా లేదు. ఫిలిం కత్తిరిస్తూ, అతికిస్తూ నేర్చుకోవడమే. పద్దు లెక్క తప్పితే ఏమవుతుందో కూడా అక్కడే చూశారు. ఫ్లాహర్టీ అంతటివాడిని పిలిపించి 'ఇండస్ట్రియల్ బ్రిటన్' తీయమంటే, ఆయన ముందస్తు ప్రణాళిక లేకుండా ఫిలిం ఖర్చుపెట్టుకుంటూ పోయాడు. సొమ్ము అయిపోయింది. మిగిలిన పని ఇతరులు పూర్తిచేయవలసి వచ్చింది. 1933లో ఆ బోర్డే మూతపడితే, గ్రియర్సన్ బృందమంతా తపాలాశాఖ నీడకు చేరింది.

ఇక శిష్యుల పరీక్షలు చూడండి. సింహళపు తేయాకు ప్రచార మండలి నాలుగు చిన్న యాత్రాచిత్రాలు తీసిపెట్టమని అడిగితే, బాసిల్ రైట్ వాటిని ఒకే కావ్యంగా మలచి 'సాంగ్ ఆఫ్ సిలోన్' (1934) చేశాడు. బ్రస్సెల్స్‌లో ప్రథమ బహుమతి వచ్చింది. అందమైన చిత్రమే. కాని తమిళదేశం నుండి వెళ్ళి ఆ కొండలలో ఆకు కోసే ఆడకూలీల వేతనమెంతో, వారుండే గది ఎంతటిదో అందులో లేదు. మరుసటి సంవత్సరం ఎల్టన్, ఆన్‌స్టీలు గ్యాసు వ్యాపారుల సంఘం ధనంతో 'హౌసింగ్ ప్రాబ్లమ్స్' తీశారు. పాత ఇళ్ళు పోయి కొత్త ఇళ్ళు వస్తే గ్యాసు పొయ్యిలు అమ్ముడవుతాయి. దాత స్వార్థం అది. అయినా ఎలుకలూ నల్లులూ ఉన్న గదులలో నిలబడి పేదలు తమ గోడు తమ నోటితోనే చెప్పుకున్నారు. ఎవరి బండి ఎక్కితే వారి పాట పాడాలంటారు. ఒకే గురువు శిష్యులు, ఒకే తీరు సొమ్ము. ఒకచోట మౌనం, ఒకచోట గొంతు.

ఆ ఒరవడి మన దేశానికీ వచ్చింది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. అప్పట్లో ప్రతి సినిమాహాలూ ప్రభుత్వం ఆమోదించిన చిత్రాన్ని విధిగా వేయవలసి ఉండేది, అద్దె కూడా హాలువారే కట్టవలసి వచ్చేది. మా ఊరి టూరింగ్ టాకీసులో న్యూస్‌రీలు మొదలుకాగానే పెద్దలు బీడీలు వెలిగించుకోవడానికి బయటికి నడిచేవారు. నేలమీది పిల్లలం మాత్రం ఆనకట్టలు చూస్తూ కూర్చునేవాళ్ళం. ప్రేక్షకుణ్ణి ఒప్పించవలసిన అగత్యం లేనిచోట విద్య మొద్దుబారుతుంది. అక్కడ కూడా 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 'ఐ యామ్ 20' తీసి, 1947లో పుట్టిన యువతచేత దేశం గురించి తమ నిరాశను సైతం దాచుకోకుండా పలికించాడు. సర్కారు సొమ్ముతోనే సుమా! ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. గ్రియర్సన్ 1939లో కెనడాలో నెలకొల్పిన ఫిల్మ్ బోర్డులో పనిచేసిన జేమ్స్ బెవరిడ్జ్, తరువాత ఢిల్లీ జామియా మిల్లియాలో 1982లో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం స్థాపనకు తోడ్పడ్డాడు. మా శిష్యుడు చదివే నగరంలోనే!

ఇదంతా వాడికి ఉత్తరంగా వ్రాశాను. చివర నా తప్పు కూడా ఒకటి వ్రాయక తప్పలేదు. చాలా ఏళ్ళ క్రితం మా బడి వార్షిక సంచికకు ఒక మిల్లు యజమాని అచ్చుఖర్చు ఇచ్చాడు. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు మా ఊరి చెరువు మీద వ్యాసం వ్రాస్తూ, మిల్లునీరు చెరువులో కలుస్తున్నదని రెండు వాక్యాలు వ్రాశాడు. నేను కొట్టివేశాను. దాత అడగలేదు. ఆయన ఆ వ్యాసం చూడనైనా లేదు. నా అంతట నేనే ఎర్రసిరా కలం తీశాను.

అందుకే, "నాయనా, ఖర్చుల పట్టిక పక్కన మరొక కాగితం పెట్టుకో. ఈ సొమ్ము కోసం నేను దేనిని వదలుకుంటున్నాను అని దానిమీద వ్రాసుకో. అది ఎవరికీ చూపనక్కరలేదు. కాని ఖాళీగా మాత్రం ఉంచకు" అని ముగించాను.

ఆ పిల్లవాడి రెండు వాక్యాలూ నాకు నేటికీ కంఠస్థమే.