సగంలో ఆగిన చికిత్స: రొమ్ము క్యాన్సర్‌లో మార్గదర్శకాల విలువ

భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్మాణమవుతున్న రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం తరలివెళ్ళిన కుటుంబాలు క్యాంప్ 1 వంటి కార్మిక బస్తీల్లో స్థిరపడ్డాయి. ఆ ఇళ్ళలో చాలామందికి నేటికీ రెండు ఊళ్ళు: ఒకటి భిలాయ్, మరొకటి శ్రీకాకుళం, విజయనగరం వైపున్న సొంత ఊరు. పెళ్ళికో పండుగకో రాయ్‌పూర్, రాయగడ మీదుగా రైలెక్కడం మామూలే. ఇంట్లో ఒక మహిళ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నప్పుడు మాత్రం ఆ ప్రయాణాన్ని చికిత్స తేదీలను బట్టే నిర్ణయించుకోవాలి. మూడు వారాలకొకసారి ఎక్కించవలసిన మందు ఆరు వారాలకు జరిగితే నష్టమేమిటి?

ఇటలీలోని మిలాన్‌కు చెందిన జియాన్ని బొనడోన్నా, పినుచ్చియా వలగుస్సా 1981లో ప్రచురించిన పరిశీలన ఈ ప్రశ్నను నేరుగా తాకింది. శస్త్రచికిత్స తరువాత మూడు మందుల కీమోథెరపీ పొందిన మహిళల వివరాలు వారు తిరగేశారు. నిర్ణయించిన మోతాదులో కనీసం 85 శాతం అందుకున్నవారిలో అయిదేళ్ళకు వ్యాధి తిరగబెట్టనివారు 77 శాతం. 65 శాతం కన్నా తక్కువ అందినవారిలో ఆ సంఖ్య 48. అసలు కీమో తీసుకోనివారిలో 45. అంటే, సగం చికిత్స పొందినవారు బాధంతా పడి కూడా దాదాపు చికిత్స లేనివారి స్థితిలోనే మిగిలారు. బలహీనంగా ఉన్నవారికే మోతాదు తగ్గి ఉండవచ్చునన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఆ అంకెలు వైద్యుల ఆలోచనను మార్చాయి. ఆ మూడింటిలో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాలలో సాగిన పరిశోధనల ఫలం. రొమ్ము క్యాన్సర్‌లో దాని ప్రయోజనం రుజువయ్యేనాటికి ఆయన లేరు, 1948లోనే కన్నుమూశారు.

మాత్రల విషయంలోనూ ఇదే ధోరణి. హార్మోన్ గ్రాహకాలున్న కణితులకు టామాక్సిఫెన్ వంటి మాత్రలు కనీసం అయిదేళ్ళు వాడాలి. ఒంట్లో బాగానే ఉందనిపించి మానేయడం సులువు. కాలిఫోర్నియాలో 8,769 మంది మహిళలపై 2011లో వెలువడిన అధ్యయనంలో, మాత్రలు కొనసాగించినవారిలో పదేళ్ళకు 80.7 శాతం, మధ్యలో మానినవారిలో 73.6 శాతం జీవించి ఉన్నారు. శస్త్రచికిత్స నాలుగు వారాలు ఆలస్యమైతే మరణప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుందని పలు రకాల క్యాన్సర్లపై 2020లో వచ్చిన సమీక్ష తేల్చింది.

మన దేశంలో మార్గదర్శకాలకు కొరత లేదు. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్, భారత వైద్య పరిశోధనా మండలి వాటిని రూపొందించాయి. ముందు సూది బయాప్సీ, తరువాత ఈఆర్, పీఆర్, హర్2 పరీక్షలు, ఆపైనే చికిత్స క్రమం. గడ్డ కనబడగానే కోసి తీసేయడం ఈ క్రమానికి విరుద్ధం. 11 జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీల సమాచారంతో 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, భారత మహిళల్లో అయిదేళ్ళ మనుగడ 66.4 శాతం. వ్యాధి రొమ్ముకే పరిమితమైనప్పుడు అది 81. దూరపు అవయవాలకు పాకితే 18.3.

ప్రయాణం తప్పనప్పుడు తరువాతి విడతను మరో కేంద్రంలో తీసుకునే వీలుంది. రాయ్‌పూర్ ఎయిమ్స్‌లోను, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోను క్యాన్సర్ చికిత్స లభిస్తుంది. బయలుదేరే ముందు చికిత్స చేస్తున్న వైద్యునితో మాట్లాడి, ఏ మందు ఎంత మోతాదులో ఏ తేదీన ఇచ్చారో రాయించుకోవాలి. బయాప్సీ, గ్రాహకాల నివేదికలు వెంట ఉంచుకోవాలి. రక్తకణాలు తగ్గినందువల్ల వైద్యుడే వాయిదా వేస్తే అది వేరు సంగతి. అది చికిత్సలో భాగమే. కీమో నడుస్తుండగా జ్వరం వస్తే, ఏ ఊళ్ళో ఉన్నా సరే, తెల్లవారేదాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళాలి. బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెను కూడా అడిగి తీసుకోవచ్చు; కొత్త ఆసుపత్రి వైద్యులు తరచుగా మొదట అడిగేది దాన్నే.