బోదకాలి చరిత్ర గజ్జల్లో ఉంది

మా ఆర్మూరులో బోదకాలు అంటే అందరి చూపూ పాదం మీదికే పోతుంది. ఉద్యోగమంతా మైక్రోస్కోపు ముందు గడిపినదాన్ని కనుక నేను గజ్జల్లో కట్టే బిళ్ళ దగ్గర మొదలుపెడతాను.

బిళ్ళ అంటే వాచిన లింఫు గ్రంథి. దాన్ని పలుచగా కోసి హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టిస్తే అంచు పొడవునా నీలి కణాల గుంపులు కనబడతాయి. గుంపు నడుమ కాస్త లేతగా ఉండే చోట కణాలు విభజన చెందుతుంటాయని 1880ల్లో జర్మనీలో వాల్టర్ ఫ్లెమింగ్ చూశాడు. యాంటీబాడీలు చేసే బి-కణాలు పెరిగేది అక్కడేనని తేలడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కాలి నుంచి వచ్చే లింఫు అనే నీరు ఎన్నో సన్నని నాళాల గుండా గ్రంథి పైపొర కిందికి చేరి, మెల్లగా లోపలికి ఇంకుతుంది. మార్కెట్ యార్డులో వ్యాపారి కుప్పకుప్పకూ పోయి పసుపు కొమ్ము విరిచి చూసినట్టు, దారిలోని కణాలు వచ్చినదాన్నల్లా పట్టి చూసి, చెడ్డదాన్ని మింగేస్తాయి.

బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు కాపురం పెట్టేది ఆ గ్రంథికి చేరే నాళాల్లోనే. ఆడపురుగు ఎనిమిది, పది సెంటీమీటర్లుంటుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. నాళాలు ఉబ్బి, వాటి కవాటాలు పనిచేయక, నీరు కాల్లోనే నిలిచిపోతుంది. ఈ పురుగు పిల్లలను 1872లో కలకత్తాలో టిమతీ లూయిస్ మనిషి నెత్తుట్లో చూశాడు. పెద్ద పురుగు 1876లో బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు దొరికింది. మరుసటి ఏడే చైనాలో పాట్రిక్ మాన్సన్ ఆ పిల్లలు దోమలో ఎదుగుతాయన్న సంగతి పట్టుకున్నాడు.

పిల్లపురుగులు నెత్తుట్లోకి వచ్చేది రాత్రిపూట. అందుకే పరీక్షకు వచ్చేవాళ్లూ రాత్రే వచ్చేవాళ్లు. పసుపు ఉడకబెట్టి అలిసి పడుకున్న కూలీలను లేపి వేలు పొడిచేవాళ్లు. "పొద్దుగాల రారాదా సారూ?" అని మా పెద్దమ్మ అడగడం నాకు గుర్తుంది.

మందు మాత్రం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచి వచ్చింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో వాళ్లు తయారుచేసిన హెట్రజాన్ 1947లో లోకానికి తెలిసింది. ఇది తలుచుకుంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది. విచిత్రమేమంటే గాజుపాత్రలో ఆ మందు పిల్లపురుగులను దాదాపు ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్తే అవి కాలేయంలో చిక్కుకుంటాయనీ, అక్కడి మింగే కణాలు వాటిని నాశనం చేస్తాయనీ 1950లో ఫ్రాంక్ హాకింగ్, ఆయన సహచరులు జంతువుల్లో చూపించారు. అంటే మందు పురుగును పట్టి ఇస్తుంది, చంపేది మన ఒళ్లే.

జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఇంటింటికీ ఏటా గోలీలు పంచడం 2004 నుంచి దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో సాగింది. కానీ పాడైన నాళాలను ఏ గోలీ బాగుచేయదు. వేళ్ల సందుల్లో పగుళ్ల గుండా బాక్టీరియా దూరినప్పుడల్లా బిళ్ళ కట్టి, సలిజరం వచ్చి, కాలు ఇంకాస్త లావెక్కుతుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి ఆరబెడితే ఆ జ్వరాలు తగ్గుతాయి. బోదకాలున్న మా పెద్దమ్మకు చివరి ఏళ్లలో హాయినిచ్చింది అదే. 2018లో తెలంగాణ ప్రభుత్వం బోదకాలు బాధితులకు పింఛను ప్రకటించింది, మంచి పని. దాంతోపాటు కాలు కడిగి చూపించే నర్సమ్మ కూడా ప్రతి ఊరికీ రావాలని నేను అడుగుతూనే ఉంటాను.