మద్యనిషేధం, ఖజానా, ప్రజలు: ఒక సరిహద్దు ప్రాంతం నుండి పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కల్లుకూ సారాకూ మధ్య ఉన్న సామాజిక భేదాన్ని వివరించగలుగుతారు.
• మద్యనిషేధానికీ ప్రభుత్వ ఆదాయానికీ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• 1992 సారా వ్యతిరేక ఉద్యమ ప్రాముఖ్యాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మద్యనిషేధ చరిత్రను చాలామంది నీతిబోధల చరిత్రగా చెబుతారు. పెద్దలు తాగవద్దన్నారు, కొందరు విన్నారు, కొందరు వినలేదు. ఇలా చదివితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. తాగుడు చెడ్డదని అందరూ ఒప్పుకున్న కాలంలో కూడా నిషేధం ఎందుకు నిలవలేదు?

దీనికి జవాబు వెతకడానికి పటంలో మేళ్లచెరువును చూడండి. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనూ, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు పాత హైదరాబాద్ సంస్థానానికి ఆగ్నేయపు అంచున ఉంది. దక్షిణాన కృష్ణానది దాటితే అప్పటి గుంటూరు జిల్లా, తూర్పున జగ్గయ్యపేట వైపు వెళితే అప్పటి కృష్ణా జిల్లా. ఆ రెండూ మద్రాసు రాష్ట్రంలోవి. రెండు వైపులా ఒకే భాష, అవే తాటిచెట్లు. మద్యం మీద చట్టాలు మాత్రం వేరు.

2. కల్లు వేరు, సారా వేరు

తెలంగాణ పల్లెలో కల్లును కేవలం మత్తుపానీయంగా చూడలేదు. బోనాల్లో సాక పోయడానికి, పెళ్లికి, చావుకు, చుట్టం వచ్చినప్పుడు మర్యాదకు కల్లు ఉండేది. గౌడ కులస్థులకు అది జీవనాధారం. కాటమయ్యకు మొక్కి, మోకు నడుముకు కట్టి ప్రాణాలకు తెగించి చెట్టెక్కడం వారి వృత్తి. సారా సంగతి వేరు. అది బట్టీలో కాచి, గుత్తేదారు దుకాణం ద్వారా అమ్మిన సరుకు. దాన్ని ఊరి ఆచారాలతో ముడిపెట్టిన బంధం అంత గట్టిది కాదు. ఈ తేడాను గుర్తుంచుకోకపోతే తరువాతి ఉద్యమాలు అర్థం కావు.

3. సంస్థానంలో ఆబ్కారీ

నిజాం ప్రభుత్వానికి ఆబ్కారీ ముఖ్యమైన రాబడి. కల్లు, సారా అమ్మే హక్కును గుత్తేదార్లు పాడుకునేవారు. గీసేవాడు చెట్టు పన్ను భారాన్ని, గుత్తేదారు పెత్తనాన్ని కలిపి మోసేవాడు. అందుకే నల్లగొండ ప్రాంతంలో గీత కార్మికుల పోరాటం మద్యం వద్దని సాగలేదు. గీసేవాడికే చెట్టు దక్కాలని సాగింది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం ఈ కార్మికులను సంఘటితం చేసిన నాయకుల్లో ప్రముఖుడు.

అదే కాలంలో మరో గొంతు కూడా వినిపించింది. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మ దళితుల్లో మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. ఆయన దృష్టిలో తాగుడు మానడం ఆత్మగౌరవ సాధనలో ఒక మెట్టు. ఒకే సంస్థానంలో ఒకరు చెట్టు మీద హక్కు అడిగారు, మరొకరు మద్యం నుండి విముక్తి కోరారు. రెండూ పేదల పక్షాన నిలిచినవేనని గమనించండి.

4. సరిహద్దు అవతల నిషేధం

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. మరుసటి ఏడాది దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నేడు మనం కొనే వస్తువుల మీద వేసే పన్నుకు ఈ ప్రాంతంలో తొలి రూపం మద్యనిషేధం వల్ల వచ్చింది.

1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ సైన్యం లొంగిపోయింది. రెండు వారాల తరువాత, అక్టోబరు 2న, మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం పూర్తయింది. అంటే కృష్ణకు ఆవలి ఒడ్డున కల్లు గీయడం నేరం, ఈవలి ఒడ్డున అది సర్కారుకు పన్ను కట్టే వృత్తి. అవతల గీత కార్మికులు పని కోల్పోయారు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోవడానికి ఈ నిషేధ సమస్యే ప్రధాన కారణం.

1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తెలంగాణ ఆర్థికంగా మెరుగ్గా ఉండడానికి రెండు కారణాలు చూపింది. ఒకటి ఎక్కువ భూమిశిస్తు, రెండోది ఏటా సుమారు 5 కోట్ల రూపాయల ఆబ్కారీ రాబడి. కాబట్టి 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణలో మద్యనిషేధం గురించి తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయించాలన్న అంశం చేరడం ఆశ్చర్యం కాదు. ఒక రాష్ట్రమైనా, మద్యం విషయంలో రెండు ప్రాంతాల దారులు వేరుగానే కొనసాగాయి.

5. 1992 సారా వ్యతిరేక ఉద్యమం

1980లలో 'వారుణి వాహిని' పథకం కింద సర్కారు సారా ప్యాకెట్ల రూపంలో పల్లెలకు చేరింది. రాష్ట్ర ఆబ్కారీ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు కాగా, 1991-92 నాటికి 812 కోట్లు దాటింది. ఈ డబ్బులో ఎక్కువ భాగం కూలివాళ్ల సంపాదన నుండి వచ్చిందే.

నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు తమ ఇళ్ల కష్టాలను పాఠాల్లో చూసుకున్నారు. దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. వారిలో రోశమ్మ పేరు రాష్ట్రమంతటా తెలిసింది. ఉద్యమం తెలంగాణ జిల్లాలకూ పాకింది. స్త్రీలు ఊరి దుకాణం దగ్గరే ఆగలేదు, సారా వేలం పాటలను అడ్డుకున్నారు. అంటే గురి తాగే మనిషి మీద కన్నా ఖజానా మీద ఎక్కువగా పెట్టారు. ఈ ఉద్యమ బలం అక్కడే ఉంది.

ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. కాని 1997లో దాన్ని సడలించారు. దొంగసారా, అక్రమ రవాణా కారణాలుగా చెప్పినా, రాబడి లోటు పెద్ద కారణమన్నది స్పష్టం. 1939లో రాజాజీ వెతికినట్లు ప్రత్యామ్నాయ రాబడి ఈసారి స్థిరపడలేదు.

6. సారాంశం

ఈ చరిత్రలో తాగేవాడు, గీసేవాడు, పాడుకునేవాడు, పన్ను వసూలు చేసేవాడు అని నలుగురున్నారు. బోధ ఎప్పుడూ మొదటివాడికే చేశారు. నిషేధం దెబ్బ ఎక్కువగా రెండోవాడి మీద పడింది. నాలుగోవాడి అవసరం తీరనంతకాలం ఏ నిషేధమూ నిలవలేదు. అయినా 1992 ఉద్యమాన్ని విఫలమనడం సరికాదు. చదువు నేర్చుకుంటున్న పేద స్త్రీలు ప్రభుత్వ ఆదాయ విధానాన్నే ప్రశ్నించి మార్పించగలరని అది రుజువు చేసింది. సర్కారు సారా మళ్లీ రాలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గీత కార్మికుల కోరికకూ, భాగ్యరెడ్డివర్మ ప్రచారానికీ ఉన్న తేడా ఏమిటి? రెండింటిలో ఉమ్మడి అంశం ఏది?
2. 1956 ఒప్పందంలో మద్యనిషేధ ప్రస్తావన ఎందుకు చోటు చేసుకుంది?
3. స్త్రీలు వేలం పాటలను అడ్డుకోవడం వెనుక ఉన్న అవగాహనను వివరించండి.
4. క్షేత్ర కార్యం: మీ ఊళ్లో 1990లనాటి సంగతులు గుర్తున్న ఇద్దరు స్త్రీలతో, ఒక గీత కార్మికుడితో మాట్లాడండి. వారి జ్ఞాపకాల్లో తేడా ఎక్కడ ఉందో ఒక పేజీలో రాయండి.